పారా కొడవలీ పూజాపాత్రలే: పునీత బెనడిక్టు జీవితం

మన పల్లెల్లో చేటను కాలితో తన్నరు. పొరపాటున కాలు తగిలితే వంగి కళ్ళకద్దుకుంటారు. దసరా వచ్చిందంటే నాగలీ గొర్రూ కడిగి పసుపూ కుంకుమా పెడతారు. ఈ రోజుల్లో ఆ బొట్టు ట్రాక్టరుకూ, మందు కొట్టే స్ప్రేయరుకూ కూడా పడుతోంది. అన్నం పెట్టే పనిముట్టును మర్యాదగా చూడాలన్నది మనకెవరూ బడిలో చెప్పిన పాఠం కాదు. సుమారు పదిహేను వందల ఏళ్ళ క్రితం ఇటలీ దేశంలో ఒక క్రైస్తవ సన్యాసి ఇదే సంగతిని నియమంగా రాసిపెట్టాడు. మఠంలో ఉన్న పలుగూ పారా గిన్నే చెంబూ అన్నిటినీ దేవాలయంలో పూజాపీఠం మీద ఉండే పవిత్ర పాత్రల్లాగే చూసుకోవాలని ఆయన ఆదేశం. ఆయనే పునీత బెనడిక్టు.

గుంటూరు, ప్రకాశం జిల్లాల వారికి ఈ పేరు మరీ కొత్తదేమీ కాదు. ఫిరంగిపురం వంటి ఊళ్ళలో 18వ శతాబ్దం నుంచీ కథోలిక రైతు కుటుంబాలు ఉన్నాయి. పునీతుల పేర్లు పిల్లలకు పెట్టుకోవడం అక్కడ మామూలే. అయితే బెనడిక్టు అనగానే ఆయన మఠాల్లో ఉండేవారికి సంబంధించినవాడు, పెళ్ళాం బిడ్డలతో పొలం చేసుకునేవాడికి ఆయనతో ఏం పని అనుకుంటారు చాలామంది. ఆయన జీవితం చదివితే అలా అనిపించదు. ఆ సంగతి నా తోటి విద్యార్థులతో పంచుకోవాలనే ఈ చిన్న ప్రయత్నం.

ఆయన్ని గురించి మనకు తెలిసినదంతా రెండే చోట్ల ఉంది. ఒకటి, ఆయన స్వయంగా రాసిన నియమావళి. రెండోది, ఆయన పోయిన సుమారు యాభై ఏళ్ళకు, అంటే 593-94 ప్రాంతంలో, పోపు గ్రెగొరీ రాసిన చరిత్ర. బెనడిక్టును ఎరిగిన నలుగురు శిష్యుల్ని అడిగి తెలుసుకుని రాశానని గ్రెగొరీ చెప్పుకున్నాడు.

క్రీ.శ. 476లో పశ్చిమ రోమను సామ్రాజ్యం కూలిపోయింది. ఆ తర్వాత నాలుగేళ్ళకు, 480 ప్రాంతంలో, నూర్సియా అనే కొండప్రాంతపు ఊళ్ళో బెనడిక్టు పుట్టాడు. కలిగిన కుటుంబం. స్కొలాస్టికా అని ఒక చెల్లెలు. ఇద్దరూ కవలలని పరంపరగా చెబుతారు. దేశాన్ని ఏలే వారు మారిపోతున్న రోజులవి. 493 నాటికి ఇటలీ గోతుల రాజు థియొడొరిక్ చేతికి వచ్చింది. ఇప్పుడు మన పల్లెల నుంచి పిల్లల్ని పట్నం కాలేజీకి పంపినట్టే, బెనడిక్టును కూడా పెద్దలు చదువుకోసం రోముకు పంపారు.

అక్కడ తోటి విద్యార్థుల తీరు చూసి ఆయన మనసు విరిగింది. ఆ చదువు నడిచే దారిలో తానూ పోతే ఎక్కడ తేలతానో అని భయపడ్డాడు. పుస్తకాలు వదిలేసి, తనను పెంచిన దాదిని వెంటబెట్టుకుని ఊరు దాటాడు. కాలేజీ పత్రికలో కాలేజీ మానేసినవాడి కథ రాయడమేమిటని అధ్యాపకులు కోప్పడకూడదు. ఆయన చదువును ద్వేషించలేదు. తర్వాత తాను రాసిన నియమావళిలో రోజూ చదువుకు గంటలు కేటాయించాడు. ఉపవాస కాలం నలభై రోజులకూ ఒక్కొక్కరికి ఒక్కొక్క పుస్తకం ఇచ్చి, మొదటి నుంచి చివరిదాకా చదివి తీరాలన్నాడు. చదువుకునే వేళ ఎవరైనా కబుర్లు చెప్పుకుంటూ తిరుగుతున్నారేమో చూసేందుకు ఒకరిద్దరు పెద్దల్ని కూడా నియమించమన్నాడు. మన వార్డెను గారు ఇది చదివితే సంతోషిస్తారు.

రోము వదిలి ఒక పల్లెలో బసచేసినప్పుడు మొదటి విశేషం జరిగిందంటాడు గ్రెగొరీ. దాది పొరుగింట్లో గోధుమలు బాగుచేసుకునే జల్లెడ అరువు తెచ్చింది. అది బల్లమీద నుంచి పడి రెండు ముక్కలైంది. అరువు సామాను పగిలితే పల్లెలో ఆడవాళ్ళు ఎంత మథన పడతారో మనకు తెలుసు. ఆమె ఏడుస్తూంటే బెనడిక్టు ఆ ముక్కలు తీసుకుని ప్రార్థన చేశాడు, అవి అతుక్కున్నాయి. ఊరివాళ్ళు ఆ జల్లెడను గుడి గుమ్మానికి వేలాడదీశారట. పేరు మోగడం మొదలయ్యేసరికి ఆయన అక్కడ ఉండలేదు. దాదికి కూడా చెప్పకుండా సుబియాకో అనే చోటికి వెళ్ళి, ఒక కొండ గుహలో చేరాడు.

అక్కడ మూడేళ్ళు. రొమానుస్ అనే సన్యాసి ఒక్కడికే ఆ సంగతి తెలుసు. అతను తన తిండిలోంచి మిగిల్చిన రొట్టెను తాడుకు కట్టి, దానికో చిన్న గంట తగిలించి పైనుంచి దించేవాడు. తోలు కట్టుకుని పొదల్లో ఉన్న మనిషిని చూసి గొర్రెల కాపరులు మొదట ఏదో జంతువనుకున్నారట. తర్వాత వాళ్ళే ఆయన దగ్గరికి రావడం మొదలుపెట్టారు. తిండి తెచ్చి ఇచ్చి మంచి మాట పట్టుకుపోయేవారు. ఆయనకు మొదట శిష్యులైనవాళ్ళు పండితులు కారు, గొర్రెల కాపరులు.

దగ్గర్లోని ఒక మఠంవారు తమకు పెద్దగా ఉండమని బతిమాలి తీసుకెళ్ళారు. తీరా ఆయన క్రమశిక్షణ భరించలేక ద్రాక్షసారాయిలో విషం కలిపారు. సిలువ గుర్తు వేయగానే ఆ గాజుపాత్ర పగిలిపోయిందని కథ. ఆయన కోపగించకుండా, మీకూ నాకూ కుదరదని ముందే చెప్పాను కదా అనే భావంతో సెలవు తీసుకుని సుబియాకో తిరిగి వచ్చాడు. అక్కడ చుట్టూ చేరినవారిని పన్నెండు మఠాలుగా, ఒక్కోదానిలో పన్నెండుమందిగా అమర్చాడు.

ఆ రోజుల్లో జరిగిన ఒక సంఘటన నాకు బాగా నచ్చింది. ఒక గోతు జాతి మనిషి మఠంలో చేరాడు. గోతులంటే అప్పుడు దేశాన్ని గెలుచుకున్న జాతి; మొరటువాళ్ళని రోమనులు చిన్నచూపు చూసేవారు. అతనికి చెరువు ఒడ్డున ముళ్ళపొదలు కొట్టే పని ఇచ్చారు. బలంకొద్దీ కొడుతుంటే కత్తి ఇనుము పిడి నుంచి ఊడి నీళ్ళలో పడిపోయింది. ఆ ఆజానుబాహుడు వణికిపోతూ వెళ్ళి తప్పయిందని చెప్పుకున్నాడు. బెనడిక్టు వచ్చి, ఉత్త పిడిని నీళ్ళలో ముంచాడు. ఇనుము పైకి తేలివచ్చి పిడికి పట్టుకుంది. దాన్ని అతని చేతికిచ్చి, బాధపడకుండా పని చేసుకోమన్నాడు.

సైన్సు విద్యార్థివి, ఇవన్నీ నమ్ముతావా అని స్నేహితులు అడగవచ్చు. ఇనుము సాంద్రత నాకూ తెలుసు. నేను గమనించింది వేరే విషయం. గ్రెగొరీ చెప్పిన అద్భుతాల్లో చాలావరకు వస్తువులేమిటో చూడండి: జల్లెడ, ముళ్ళు కొట్టే కత్తి, పిండి, నూనె, అప్పు. ఆకాశంలో రథాలు నడిపిన కథలు కావివి. పేదవాడి ఇంట్లో ఏది లోటైతే ఆ పూట గడవదో వాటి చుట్టూ తిరిగే కథలు. ఆయన్ని ఎరిగినవారికి గుర్తుండిపోయిన మనిషి ఎలాంటివాడో దీన్నిబట్టే తెలుస్తుంది.

పొరుగున ఉన్న ఫ్లోరెంటియుస్ అనే గురువు అసూయతో పెట్టిన బాధలు పడలేక, 529 ప్రాంతంలో బెనడిక్టు కొద్దిమందితో దక్షిణానికి తరలివెళ్ళి, మోంటే కసీనో అనే కొండమీద స్థిరపడ్డాడు. అక్కడ అప్పటికి అపోలో దేవుడి పాత గుడి ఉండేది. దాన్ని తీసివేసి ప్రార్థనాలయాలు కట్టించాడు. ఈనాటి మన దృష్టికి ఆ పని కష్టంగా తోచవచ్చు. ఆ కాలపు క్రైస్తవులు చాలాచోట్ల అలాగే చేశారు. బతికినన్నాళ్ళూ ఆయన ఇక ఆ కొండ దిగి వేరేచోట కాపురం పెట్టలేదు.

535లో గోతులకూ కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి సేనలకూ యుద్ధం మొదలైంది. పంటలు పోయాయి, కరువు వచ్చింది. మఠంలో నూనె దాదాపు నిండుకుని ఒక్క గాజుబుడ్డిలో కొంచెం మిగిలింది. అంతలో ఒకాయన వచ్చి నూనె అడిగాడు. ఇచ్చెయ్యమన్నాడు బెనడిక్టు. మనవాళ్ళకేం మిగులుతుందని సరుకుల కొట్టు చూసేవాడు ఇవ్వకుండా దాచాడు. ఆ సంగతి తెలిసి, మాట వినకుండా దాచిన వస్తువు ఈ ఇంట్లో ఉండకూడదని ఆ బుడ్డిని కిటికీలోంచి విసిరేయించాడు. కింద రాళ్ళమీద పడినా బుడ్డి పగల్లేదట. తెప్పించి అడిగినవాడికే ఇప్పించాడు.

ఇంకొక రైతు సంగతి. జల్లా అనే గోతు సైనికుడు డబ్బు కోసం ఒక రైతును చిత్రహింస పెడుతుంటే, తన సొమ్మంతా బెనడిక్టు దగ్గర దాచానని ఆ రైతు తప్పించుకోవడానికి చెప్పాడు. జల్లా అతని చేతులు కట్టేసి గుర్రం ముందు నడిపించుకుంటూ మఠానికి వచ్చాడు. బెనడిక్టు గుమ్మం దగ్గర ఒంటరిగా కూర్చుని చదువుకుంటున్నాడు. సొమ్ము తియ్యమని జల్లా కేకలు వేశాడు. ఆయన తలెత్తి ముందు సైనికుణ్ణీ, తర్వాత రైతు చేతుల కట్లనూ చూశాడు. కట్లు వాటంతటవే ఊడిపోయాయి. సైనికుడు కాళ్ళమీద పడితే లోపలికి పంపి తిండి పెట్టించి, ఇకమీదట ఇలాంటి క్రూరం మానమని బుద్ధి చెప్పాడు. చదువు ఆపి లేవను కూడా లేవలేదని గ్రెగొరీ ప్రత్యేకంగా రాశాడు. గోతుల రాజు తోతిలా స్వయంగా వచ్చినప్పుడు కూడా ఆయన తీరు మారలేదు. చేసిన పాపాలు చాలు, ఇక ఆపమని రాజు ముఖం మీదే చెప్పాడు.

మన ప్రాంతం వారు తప్పక వినవలసినది అప్పు కథ. ఒక మంచి మనిషి అప్పులపాలై, అప్పిచ్చినవాడి ఒత్తిడి తట్టుకోలేక బెనడిక్టు దగ్గరికి వచ్చాడు. పన్నెండు బంగారు నాణేలు బాకీ. మఠంలో అంత సొమ్ము లేదు. లేదని పంపెయ్యకుండా రెండు రోజులాగి రమ్మన్నాడు. ఆ రెండు రోజులూ ప్రార్థనలో గడిపాడు. అతను తిరిగి వచ్చిన రోజున ధాన్యపు పెట్టె మీద పదమూడు నాణేలు కనిపించాయి. పదమూడూ అతనికే ఇచ్చి, పన్నెండు బాకీకి, ఒకటి చేతి ఖర్చుకు ఉంచుకోమన్నాడు.

మాది ప్రకాశం జిల్లాలో పత్తీ మిరపా పండించుకునే కుటుంబం. 1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసినప్పుడు మన జిల్లాల్లో అప్పులకు తాళలేక రైతులు ప్రాణాలు తీసుకున్నారు. నేను అప్పటికి పుట్టలేదు. అయినా ఆ ఏడాది సంగతులు మా ఇళ్ళల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పులో ఉన్నవాడికి బాకీ ఒక్కటే బరువు కాదు. రేపు పొద్దున కూరకూ, పిల్లవాడి బస్సు చార్జీకీ చేతిలో చిల్లర లేకపోవడం మరో బరువు. దానికి సిగ్గు తోడవుతుంది. బెనడిక్టు ఆ పదమూడో నాణెం గురించి ఆలోచించాడు. భక్తి అంటే కళ్ళు మూసుకుని కూర్చోవడమే అనుకునేవారు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇక నియమావళి. చిన్న పుస్తకం, 73 అధ్యాయాలు. స్వర్గం గురించి ఎంత ఉందో వంటింటి గురించీ అంతే శ్రద్ధగా ఉంది. రాత్రి ఒకసారి, పగలు ఏడుసార్లు ప్రార్థన. మధ్యలో చేతిపని, చదువు. పనివేళలు వేసవికి వేరు, చలికాలానికి వేరు. సోమరితనం ఆత్మకు శత్రువని ఆయన నమ్మకం. అవసరం వచ్చి సన్యాసులే స్వయంగా పంట కోసుకోవలసి వస్తే విచారించవద్దని, చేతికష్టంతో బతికినప్పుడే నిజమైన సన్యాసులవుతారని రాశాడు. వంట అందరూ వారాల వంతున చెయ్యాలి. వంతు దిగిపోయేవాడు తువ్వాళ్ళు ఉతికి, పాత్రలు శుభ్రంగా లెక్క ప్రకారం అప్పగించాలి. ఒక కూర సయించనివాడికి రెండోదైనా ఉండాలని రెండు కూరలు వండమన్నాడు. పని ఎక్కువైన రోజున తిండి పెంచవచ్చు. ద్రాక్షసారాయి సన్యాసులకు తగదని పెద్దలంటారుగానీ ఈ కాలంవారిని ఒప్పించలేం కనుక కొద్దిగా పుచ్చుకోండని రాసిన చోట ఆయన నవ్వుతున్నట్టే ఉంటుంది. నిద్రమత్తు వదలనివారిని తోటివారు మెల్లగా లేపాలనీ, ఆలస్యంగా వచ్చేవారు అందుకునేలా తెల్లవారుజాము మొదటి కీర్తనను నిదానంగా పాడాలనీ రాశాడు. హాస్టల్లో ఉన్నవాడికి ఆ దయ విలువ తెలుస్తుంది.

బానిసగా పుట్టినవాడనీ స్వతంత్రుడనీ తేడా చూపవద్దన్నాడు. మఠంలో వరస వయసును బట్టీ హోదాను బట్టీ కాదు, చేరిన రోజును బట్టి. ముఖ్యమైన విషయం వస్తే అందర్నీ పిలిచి అడగాలి. మంచి సలహా చిన్నవాడి నోటనే వస్తుండవచ్చు. అతిథి వస్తే క్రీస్తే వచ్చినట్టు ఎదురువెళ్ళాలి, అందులోనూ పేదవాణ్ణి మరీ ఆదరంగా. మఠంలో తయారైన సరుకును బజారు ధరకంటే కొంచెం తక్కువకే అమ్మాలి. అడిగినది ఇవ్వడానికి లేకపోతే కనీసం మంచి మాట ఇచ్చి పంపాలి. మిర్చి యార్డులో టిక్కీలు దించి రోజంతా కూర్చున్న రైతుకు ఈ చివరి నియమం విలువ నేను చెప్పనక్కర్లేదు.

ఇవన్నీ మఠంలో ఉన్నవారికే అంటే ఒప్పుకోవడం కష్టం. ముందు, బెనడిక్టు గురుపట్టాభిషేకం పొందినట్టు గ్రెగొరీ ఎక్కడా రాయలేదు. ఆ కాలపు సన్యాసుల్లో ఎక్కువమంది గురువులు కారు, మామూలు విశ్వాసులే. రెండోది, పొలంలో దూరంగా పని చేస్తున్నవాడు గుడికి రాలేకపోతే ఉన్నచోటే మోకరించి ప్రార్థన చేసుకోమని నియమావళిలోనే ఉంది. మన ఊళ్ళలో త్రికాల జపం గంట వినపడగానే మిరపకాయలు కోసే ఆవిడ సాళ్ళ మధ్య ఒక్క నిమిషం నిలబడి సిలువ గుర్తు వేసుకుని మళ్ళీ వంగితే, ఆమె బెనడిక్టు పేరు వినకపోయినా ఆయన చెప్పినదే చేస్తోంది. ఇళ్ళల్లోనే ఉంటూ ఈ నియమం ప్రకారం నడుచుకుంటామని మఠానికి మాట ఇచ్చేవారిని ఆబ్లేట్లు అంటారు. రోములో ఫ్రాన్సిస్కా అనే సంసారి, పిల్లల తల్లి (1384-1440), 1425లో అలాంటి స్త్రీల సంఘం స్థాపించి పునీతురాలైంది. ఇంటిపని పిలిస్తే ప్రార్థన ఆపి లేచి వెళ్ళడమే గృహిణికి తగిన భక్తి అని ఆమె భావన. అమెరికాలో పేదలకు అన్నం పెట్టిన డరొతీ డే 1955లో బెనడిక్టు ఆబ్లేటు అయింది. మన దేశంలో కేరళలో 1958లో మొదలైన కురిశుమల ఆశ్రమంవారు ఈ నియమం మీదే పాడి పశువుల్ని పెంచుతూ కొండమీద బతికారు.

బెనడిక్టు చివరి రోజులకు వస్తే, ఏడాదికొకసారి చెల్లెలు స్కొలాస్టికా ఆయన్ని చూడడానికి వచ్చేది. ఆఖరిసారి వచ్చినప్పుడు ఈ రాత్రి ఉండి మాట్లాడమంది. నియమం ఒప్పుకోదన్నాడు. ఆమె తల వంచి ప్రార్థన చేస్తే మబ్బులేని ఆకాశం నుంచి కుంభవృష్టి కురిసి, ఆయన కదలలేకపోయాడు. తెల్లవార్లూ మాట్లాడుకున్నారు. మూడు రోజులకు ఆమె చనిపోయింది. నియమం రాసిన మనిషికి, ప్రేమ నియమంకంటే పెద్దదని చెల్లెలు నేర్పినట్టయింది. ఆయన 547 ప్రాంతంలో కన్నుమూశాడు. ఆరు రోజుల ముందే సమాధి తెరిపించుకుని, శిష్యులు చేతులు పట్టుకుని నిలబెట్టగా, నిలబడి ప్రార్థిస్తూ ప్రాణం విడిచాడంటారు. అన్నాచెల్లెళ్ళది ఒకే సమాధి.

ఆ తర్వాత కొద్దికాలానికే లొంబార్డులు మోంటే కసీనోను పాడుచేశారు. ఆ మఠం మళ్ళీ లేచింది, మళ్ళీ కూలింది. రెండో ప్రపంచ యుద్ధంలో 1944 ఫిబ్రవరి 15న మిత్రపక్షాల విమానాలు బాంబులతో దాన్ని నేలమట్టం చేశాయి. ఆ కొండ కోసం పోరాడిన సేనల్లో 4వ భారత డివిజను ఉంది. మన దేశపు జవాన్లెందరో అక్కడే ఒరిగిపోయారు. శిథిలాల మీద పాత తీరులోనే మళ్ళీ కట్టారు. 1964లో పోపు ఆరవ పౌలు ఆ దేవాలయాన్ని అభిషేకించి, బెనడిక్టును ఐరోపా ఖండానికి పాలకపునీతుడిగా ప్రకటించాడు. ఇప్పుడు జూలై 11న ఆయన పండుగ జరుపుకుంటారు.

ఆయన కోరిన ప్రమాణాల్లో స్థిరత్వం ఒకటి. ఉన్న చోటును, కలిసి బతికే మనుషుల్ని వదలకుండా ఉండడం. మా తరానికి ఇది అందరికంటే కష్టమైన మాట. డిగ్రీ చేతికి రాగానే మనలో చాలామంది హైదరాబాదో బెంగుళూరో వెళ్తాం, వెళ్ళక తప్పదు కూడా. అందరం ఊళ్ళోనే ఉండిపోవాలని నేననడం లేదు. అయితే చదివినకొద్దీ పారను చూసి మొహం తిప్పుకోవడం, నాన్న చేతుల కాయలు చూసి నలుగురిలో సిగ్గుపడడం ఉన్నాయే, అవి ఊరు వదలడంకంటే ఎక్కువ దూరం తీసుకుపోతాయి. రోములో చదువు ఆపుకున్న కలిగినింటి బిడ్డ, ముళ్ళు కొట్టే కూలివాడి కత్తికోసం చెరువు దగ్గరికి నడిచి వెళ్ళాడు.

సోదర విద్యార్థులారా, క్రైస్తవులమైనా కాకపోయినా ఈ పెద్దమనిషి దగ్గర మనం తీసుకోదగినవి ఉన్నాయి. ల్యాబులో వాడిన బీకరు కడిగి దాని చోట పెట్టడం, మెస్సులో వడ్డించే మనిషిని పేరుపెట్టి గౌరవంగా పిలవడం, సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు కళ్ళంలో మిరపకాయలు తిరగెయ్యడం. అప్పులో ఉన్న పొరుగువాడు గుమ్మంలోకి వస్తే లేదని పంపెయ్యకుండా రెండు రోజులాగి రమ్మని, ఆ రెండు రోజులూ అతనికోసం నలుగురినీ అడగడం. బాకీ తీర్చే శక్తి మనకు లేకపోయినా, చేతి ఖర్చుకిచ్చే ఆ పదమూడో నాణెం మనలో ఎవరి దగ్గరైనా ఉంటుంది.